ఎవరూ లేచి వెళ్లకండి

దొంగ దొరికాడు, ఇక దొంగతనం ఎలా జరిగిందో తేల్చడమే మిగిలిందన్నాడు విజిలెన్స్ ఆఫీసరు. ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. ముందు మనిషిని పట్టుకుంటారు, తరువాత అతని కొలతలకు సరిపడా నేరాన్ని కుట్టిస్తారు. ఈయనా నేనూ ఒకప్పుడు ఒకే బ్యాచ్‌లో పోలీసు ట్రైనింగు తీసుకున్నాం. నేను ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాను. ఆయన ఈ రేడియో స్టేషనుకు వచ్చి కుర్చీ పెంచుకున్నాడు, దానితోపాటు పొట్ట కూడా.

మేం నిలబడి ఉన్నది టేపుల గదిలో. మూడు గోడలకూ ఇనుప అరలు, వాటి నిండా అట్టపెట్టెల్లో పాత కామెంటరీలు. నాలుగో గోడ దగ్గర ఒక బల్ల, దాని మీద రెండు చక్రాల టేపు మిషను. మొన్న సాయంత్రం, ఊళ్లో జరుగుతున్న టెస్టు మ్యాచి టీ విరామంలో ఈ మిషను మీద నుంచే ఒక టేపు పోయింది. పోయినది మామూలు టేపు కాదు. పాతికేళ్ల క్రితం ఫైనల్ మ్యాచి. ఓటమి ఖాయమనుకుని జనం లేచి వెళ్లిపోతుంటే, చివరి ఇద్దరు బ్యాటర్లు నిలబడి గెలిపించిన మ్యాచి. "చివరి మనిషి ఇంకా క్రీజులో ఉన్నాడు, ఎవరూ లేచి వెళ్లకండి!" అని రేడియోలో వినిపించిన ఆ మాట దేశమంతా నోటికి వచ్చేసింది. బడిలో పరీక్ష తప్పినవాడికీ అదే చెప్పారు, ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికీ అదే చెప్పారు. ఆ మాట అన్న కామెంటేటరును జనం కంచుకంఠం అని పిలుస్తారు. ఈ రాత్రికి ఆ మ్యాచి కామెంటరీని మొదటిసారి ఒక్క ముక్క కూడా కోయకుండా ప్రసారం చేస్తామని స్టేషను డైరెక్టరు ఊరంతా చాటించాడు. ప్రసారం చేయడానికి టేపే లేదు.

నేరం టేపుల మాస్టారి మీద పడింది. ఈ గదికి ఆయనే అధికారి, ఆయనే బంట్రోతు. గది తాళం ఆయన దగ్గరే ఉంటుంది. టేపును రాత్రి ప్రసారానికి సిద్ధం చేద్దామని మిషను మీద పెట్టి, టీ తాగడానికి క్యాంటీనుకు వెళ్లి వచ్చేసరికి అది లేదని ఆయన చెబుతున్నాడు. టేపుల పిచ్చివాళ్లకు అమ్ముకున్నాడని విజిలెన్స్ ఆఫీసరు అంటున్నాడు. ఇంకో వారంలో మాస్టారి రిటైర్మెంటు. ఈ రోజు ఆట ముగిసేలోగా అసలు దొంగ దొరక్కపోతే ఆయన్ను పోలీసులకు అప్పగిస్తామని చెప్పేశారు. జీవితమంతా ఆట గొంతులను దాచిపెట్టిన మనిషి చివరికి దొంగ అనిపించుకుని గేటు దాటాలి. ఆయన కూతురు ఒక పత్రికలో క్రికెట్ రిపోర్టరు. నిన్న నా దగ్గరకు వచ్చి, నాన్న మొన్న సాయంత్రం నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదని, అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడని చెప్పి ఏడ్చింది. నేనిక్కడికి రావడానికి ఆ ఏడుపే కారణం, క్రికెట్ మాత్రం కాదు. నాకు క్రికెట్ అంటే గిట్టదు. పెళ్లైనప్పటి నుంచి మా ఆయన పక్కన కూర్చుని విని విని బాగా ఊరిన అయిష్టం అది.

మాస్టారు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో రెండు కలాలు. గది తాళం క్యాంటీనుకు పట్టుకెళ్లారా అని అడిగితే, లేదు, తలుపు వెనక మేకుకు తగిలించి వెళ్లానని చెప్పాడు. ఆ మేకు సంగతి ఎవరెవరికి తెలుసంటే, స్టేషనులో అందరికీ తెలుసన్నాడు. మీకెవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగాను. అప్పటిదాకా నా మొహం చూసి మాట్లాడినవాడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

"నాకెవరి మీదా లేదమ్మా. ఆ టేపు దొరక్కపోయినా ఫర్వాలేదు."

"మీ పరువు పోతోంది మాస్టారూ."

"నాది చిన్న పరువేనమ్మా. పోనివ్వండి."

దొంగైతే ఇలా అనడు. దొంగ ముందుగా పక్కవాడి వైపు వేలు చూపిస్తాడు. ఈయన ఎవరినో కాపాడుతున్నాడు, అదీ ఇష్టంగానే కాపాడుతున్నాడు. నాకు కోపం వచ్చింది. మంచితనంతో ఉరి తాడు తామే పేనుకునే మనుషుల మీద నాకెప్పుడూ కోపమే.

నేను మిషను దగ్గరకు వెళ్లాను. టేపు పోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదట. ఎడమ వైపు ఒక ఖాళీ చక్రం ఉంది, దాని మీద మాస్టారి చేతిరాతతో ఫైనల్ మ్యాచి పేరు. కుడివైపు చక్రం లేదు, బోసి ఇరుసు మాత్రమే ఉంది. మీరు టేపు పెట్టినప్పుడు ఏ వైపు ఉందని మాస్టారిని అడిగాను. ఎడమ వైపే, మొత్తం మొదటికి చుట్టి పెట్టానన్నాడు.

"చూశారా, పేరు రాసిన చక్రం వదిలేసి టేపు మాత్రం పట్టుకుపోయాడు. అమ్మేవాడే అలా ఆనవాలు లేకుండా చేస్తాడు," అన్నాడు విజిలెన్స్ ఆఫీసరు.

"అమ్మేవాడికి కావలసిందే ఆ పేరు సార్. పేరు లేని టేపు ఎవడు కొంటాడు?" అన్నాను. "ఎడమ చక్రంలో ఉన్న టేపు మొత్తం కుడి చక్రంలోకి వెళ్లిందంటే, దొంగ దాన్ని చివరిదాకా తిప్పాడు. టీ విరామంలో, ఏ క్షణాన ఎవరొస్తారో తెలియని గదిలో, టేపు చేతికి దొరికాక కూడా పారిపోకుండా చివర్లో ఏముందో చూసుకున్నాడు. వాడికి టేపుతో పని లేదు. దాని చివరతో పని."

ఆఫీసరు నవ్వాడు. ట్రైనింగులో నేను రన్నింగులో పడిపోయినప్పుడు కూడా అచ్చం ఇలాగే నవ్వాడు.

"నువ్వింకా మారలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టే పని మానలేదు. సరే, సాయంత్రం స్టంప్స్ తీసేదాకా నీ ఇష్టం. ఆ తరువాత ఈయన నా వాడు."

మాస్టారు జేబులో కలాలు తీసి మళ్లీ పెట్టుకోవడం నేను చూశాను. అది నేను చూడటం ఆయనా చూశాడు.

లంచ్ సమయానికి నా దగ్గర ఒక ఖాళీ చక్రం తప్ప ఏమీ లేదు. ఆ టేపు మీద ఎవరికి భయం ఉంటుంది? అందులో ఉన్నది ఒక్క కంచుకంఠం గొంతే. ఆయనకు అది కిరీటం లాంటిది. తన కిరీటాన్ని తనే ఎవరు దొంగిలిస్తారు? పైగా ఆయన మొన్న స్టేషనులోనే లేడు. గ్రౌండు స్టేషనుకు అరగంట దూరం. టీ ముందూ టీ తరువాతా ఆయన కామెంటరీ ప్రసారం అవుతూనే ఉంది, లక్షలమంది విన్నారు. అంతమంది సాక్షులున్న మనిషి ఇంకొకడు ఉండడు.

నేను మెట్ల మీద కూర్చుని తల పట్టుకుని ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు. నేను అన్నం తిన్నానా లేదా అని అడగడానికి కాదు. ఆయన గోల ఆయనది. మా ఆయనకు టీవీలో కామెంటరీ నచ్చదు. టీవీ నోరు నొక్కేసి, పక్కన రేడియో పెట్టుకుని కంచుకంఠాన్ని వింటూ బొమ్మ చూస్తాడు. అందులో ఒక చిక్కుంది. రేడియో గ్రౌండు నుంచి తిన్నగా వస్తుంది. టీవీ బొమ్మ ఆకాశానికి వెళ్లి తిరిగి వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది. టీవీలో బౌలరు ఇంకా పరుగెత్తుకుంటూ వస్తూంటే రేడియోలో వికెట్ పడిపోయి ఉంటుంది. మా ఆయన బొమ్మ కంటే ముందే కుర్చీలోంచి ఎగురుతాడు. చూసేవాళ్లకు ఆయనకు దయ్యం పట్టిందనిపిస్తుంది.

"మళ్లీ మొదలైందే," అన్నాడు ఏడుపు గొంతుతో. "రేడియో ముందు పరుగెడుతోంది. ఇప్పుడే ఒక క్యాచి మజా చెడిపోయింది. మొన్న మధ్యాహ్నం ఎంత బాగుందనుకున్నావ్! లంచ్ అయ్యాక ఆట ముగిసేదాకా బొమ్మా మాటా కలిసి నడిచాయి. కేబుల్ అబ్బాయి బాగుచేశాడనుకుని వాడికి ఫోన్ చేసి థ్యాంక్స్ కూడా చెప్పాను. నిన్న పొద్దున్నే మళ్లీ పాత కథ."

నేను లేచి నిలబడ్డాను. మొన్న మధ్యాహ్నం అన్నావా అని అడిగాను. అన్నాను, అయితే ఏమిటన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నీకు ముద్దు పెట్టాలనిపించిన రోజు ఇదేనని చెప్పి ఫోన్ పెట్టేశాను. అవతల ఆయన కంగారుపడి ఉంటాడు.

గ్రౌండులో ఉన్న మనిషి ఆటను కళ్లతో చూసి చెబుతాడు, అందుకే బొమ్మ కంటే ముందుంటాడు. మొన్న మధ్యాహ్నం కంచుకంఠం బొమ్మతో కలిసి నడిచాడంటే, ఆయన కూడా మా ఆయనలాగే టీవీ ముందు కూర్చుని ఉన్నాడన్నమాట.

నేను టేపుల గది ఉన్న అంతస్తులో తలుపులు ఒక్కొక్కటే తోస్తూ వెళ్లాను. నడవ చివర రెండో స్టూడియో ఉంది. కొత్త స్టూడియోలు కట్టాక దాన్ని ఎవరూ వాడటం లేదట. టేపుల గదికీ దానికీ మధ్య పట్టుమని పది అడుగులు లేవు. లోపల గోడకు ఒక టీవీ, బల్ల, కుర్చీ, మైకు. కుర్చీ బట్ట మీద వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము. మొన్న ఎవరైనా ఇక్కడ ఉంటే కూర్చోలేదు. మైకు చూశాను. ఇనుప చేతిని పైకి లాగి, నా నుదుటికంటే ఎత్తులో మర బిగించి వదిలేశారు. మర దగ్గర మాత్రం దుమ్ము చెరిగిపోయి మెరుస్తోంది. కూర్చుని చదివే వార్తల మనిషికి అంత ఎత్తున మైకు అక్కర్లేదు. దేశంలో నిలబడి మాట్లాడే కామెంటేటరు ఒక్కడే ఉన్నాడు. కూర్చుంటే గొంతు కూడా కూర్చుంటుందని ఆయన ప్రతి ఇంటర్వ్యూలోనూ చెబుతాడు. మా ఇంట్లో ఆ ఇంటర్వ్యూలన్నీ నా చెవిన పడ్డాయి. అయిష్టంగా విన్నవి కూడా పనికొస్తాయని ఆ రోజే తెలిసింది.

కంట్రోలు గదిలో ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. గ్రౌండు నుంచి వచ్చే లైను, స్టూడియోల లైన్లు అన్నీ అతని వేళ్ల కింద ఉంటాయి. మొన్న మధ్యాహ్నం రెండో స్టూడియో మైకు తెరిచింది నువ్వే కదా అని సూటిగా అడిగాను. అతను తేలు కుట్టిన దొంగలా చూశాడు. అతను దొంగ కాదు, ఒక మాటకు కట్టుబడి ఇరుక్కున్న మనిషి. ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది. గ్రౌండుకు వెళ్లలేనప్పుడు స్టూడియోలో టీవీ చూసి కామెంటరీ చెప్పడం అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసిందే, కానీ ఎవరు చేసినా ఇంకొకరు బయటపెట్టరు. వినేవాళ్ల కళ్ల ముందున్న గ్రౌండును చెరిపేయకూడదంటారు.

"మోకాళ్లు నొప్పి, గ్రౌండులో కామెంటరీ బాక్సు మెట్లు ఎక్కలేకపోతున్నానన్నారండీ," అన్నాడు ఇంజనీరు చివరికి. "తెలిస్తే రేపటి నుంచి నా బదులు ఇంకొకణ్ణి పంపిస్తారు, ఎవరికీ చెప్పకు అన్నారు. వెనక మెట్ల మీదుగా వచ్చారు. అంత పెద్దాయన అడిగితే కాదంటానా? టేపు పోయినప్పుడు కూడా నాకు ఆయన తట్టలేదండీ. తన టేపు తనే ఎందుకు తీసుకుంటాడు?"

టీ విరామంలో ఆయన మైకు ఎంతసేపు మూసి ఉందని అడిగాను. ఆ సమయంలో వార్తలు, ప్రకటనలు ఇక్కడి నుంచే వెళ్తాయి, ఆయనకు పూర్తి విరామమేనన్నాడు. మొన్నటి ప్రసారం రికార్డింగు వేయించాను. జనం గోల పట్టే మైకు ఎప్పుడూ గ్రౌండులో కామెంటరీ బాక్సు రెయిలింగుకు వేలాడుతూ ఉంటుంది, అది మొన్న కూడా అక్కడే ఉంది. ఉదయం భాగంలో కంచుకంఠం గొంతు, జనం కేక రెండూ ఒక్కసారే లేచాయి. మధ్యాహ్నం భాగంలో జనం ముందు అరిచారు. ఆ కేక సద్దుమణిగాక, తీరుబడిగా, ఆయన గొంతు వికెట్ పడిందని ఆశ్చర్యపోయింది.

విజిలెన్స్ ఆఫీసరును పిలిపించి వినిపించాను. ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు. మొహంలో నవ్వు పోయింది, అది చూసి నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోలేదు.

"ఇది ఆయన స్టేషనులో ఉన్నాడని చెబుతుంది. దొంగ అని చెప్పదు," అన్నాడు.

"అయితే వెళ్లి అడుగుదాం. మాస్టారిని కూడా తీసుకురండి."

"ఆయనెందుకు?"

"మీ వాడు కదా. ఎక్కడికెళ్లినా మీతో ఉండాలి."

గ్రౌండు చేరేసరికి ఆట చివరికి వచ్చింది. మన జట్టు గెలవాలంటే ఇంకా పరుగులు కావాలి, చేతిలో రెండు వికెట్లే ఉన్నాయి. జనంలో సగంమంది సంచులు సర్దుకుంటున్నారు. కామెంటరీ బాక్సు పెవిలియన్ పైన రేకుల గది. మోకాళ్ల నొప్పి మనిషి ఆ నిలువు మెట్లన్నీ ఎక్కి, నిటారుగా నిలబడి, మైకు ముందు చేయి ఊపుతూ మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూశాడు. మా వెనక మాస్టారిని చూశాడు. గొంతులో ఒక్క మాట కూడా తడబడలేదు. అందుకు ఆయన్ను మెచ్చుకోవాలి.

ఓవరు ముగిసింది. స్టేషను ప్రకటనలు మొదలుపెట్టింది, మైకు మీద ఎర్రదీపం ఆరింది.

"ఎవరు మీరంతా? ఇది దేవాలయం లాంటి చోటు, బయటికి నడవండి," అన్నాడు కంచుకంఠం.

నేను తొందరగా చెప్పాను. రెండో స్టూడియో, మైకు ఎత్తు, ముందు అరిచిన జనం. ఆయన వింటూనే మంచినీళ్లు తాగాడు. ఎర్రదీపం వెలిగింది. వెంటనే ఆ గొంతు తేనెలా మారి, ఎండ తగ్గిందని, బౌలరు బంతిని తొడకు రుద్దుకుంటున్నాడని శ్రోతలకు చెప్పసాగింది. నేను పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను. ఒక మనిషిని నిలదీస్తుంటే మధ్య మధ్య ఆయన లక్షలమందితో ప్రేమగా మాట్లాడటం నా ఉద్యోగంలో ఎప్పుడూ జరగలేదు.

తరువాతి ఓవరు అయ్యాక ఆయన నా వైపు తిరిగాడు.

"మోకాలు నొప్పి వచ్చి స్టూడియోలో ఉన్నాను. అది నేరమా? టేపుతో నాకేం పని? అందులో ఉన్నది నా గొంతు."

"అందుకే అడుగుతున్నాను. అందులో మీ గొంతే ఉంటే, చివరిదాకా తిప్పి చూసుకోవడమెందుకు?"

చివర అనే మాట వినగానే ఆయన కళ్లు తన కాళ్ల దగ్గరున్న తోలు సంచి మీదకు వెళ్లాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని పెద్దలు ఊరికే చెప్పలేదు. విజిలెన్స్ ఆఫీసరు నా కంటే ముందు వంగి సంచి తెరిచాడు. ఆ క్షణంలో మేమిద్దరం మళ్లీ ఒక బ్యాచి వాళ్లం అయ్యాం. బైనాక్యులర్సు కింద, తువ్వాలులో చుట్టి, పేరు లేని చక్రం మీద టేపు ఉంది.

అప్పుడే కింద వికెట్ పడింది. జనం ఉస్సురుమన్నారు. ఇక మిగిలింది చివరి జంట. ఎర్రదీపం వెలిగింది. కంచుకంఠం అవుటైన తీరు చెప్పాడు, కావలసిన పరుగులు చెప్పాడు, కొత్త బ్యాటరు వచ్చేలోగా ప్రకటనలకు అప్పగించాడు. అప్పగించాక రెండు చేతులూ బల్లకు ఆనించి వంగిపోయాడు.

"చెరిపేద్దామనుకున్నాను. చేతులు రాలేదు," అన్నాడు.

"ఏముంది సార్ చివర్లో?" అని అడిగాను.

జవాబు చెప్పింది మాస్టారు. తలుపు దగ్గర నిలబడి, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు. పాతికేళ్ల క్రితం ఆ ఫైనల్ రోజున ఆయన ఈ బాక్సులో సహాయకుడు. కంచుకంఠాన్ని దేవుడిలా చూసేవాడు, స్నేహితుల ముందు ఆయన గొంతును అచ్చు గుద్దినట్టు అనుకరించేవాడు. ఆ రోజు తొమ్మిదో వికెట్ పడగానే ఓటమిని చెప్పడం తనవల్ల కాదని కంచుకంఠం మైకు వదిలి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ప్రకటనలు అయిపోయాయి, దీపం వెలిగింది, దేశమంతా వింటోంది, బాక్సులో కామెంటేటరు లేడు. దేవుడి పరువు పోతుందని కుర్రవాడు భయపడ్డాడు. ఆ గొంతుతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"జనం వెళ్లిపోతుంటే నాకేమీ తోచలేదమ్మా. ఎవరూ లేచి వెళ్లకండి అన్నాను. అది జనంతో అన్న మాట కాదు. మెట్లు దిగుతున్న ఆయనతో అన్నది."

 ప్రసారం అయిపోయాక కూడా టేపు కాసేపు తిరుగుతూనే ఉందట. మాట్లాడింది ఎవరని కంట్రోలు గది నుంచి అడగటం, సార్ లేరండీ, నేనేనండీ అని ఈయన తన సొంత గొంతుతో ఏడుస్తూ చెప్పడం అంతా దాని చివర్లో ఉంది. మర్నాటికి ఆ మాట ఇంటింటికీ పాకింది. కంచుకంఠం కాదనలేదు. నెల తిరక్కుండా కుర్రవాణ్ణి టేపుల గదికి బదిలీ చేయించాడు. మళ్లీ మైకు దగ్గరికి రానివ్వలేదు. ఈయన ఆ టేపును బిడ్డలా చూసుకుంటూ, ఎవరు అడిగినా చివరి ముక్క తప్పించి వినిపిస్తూ ఇన్నేళ్లు గడిపాడు.

"ఈ రాత్రి కూడా అక్కడే ఆపేసేవాణ్ణి కదా సార్," అన్నాడు మాస్టారు. "నన్ను ఒక్క మాట అడిగితే సరిపోయేది."

కంచుకంఠం ఆయన మొహం చూడలేకపోయాడు. నాకు ఆయన మీద జాలి కలిగింది, ఆ జాలి మీద కోపం కూడా వచ్చింది. కింద చివరి బ్యాటరు క్రీజులోకి వచ్చాడు. ఈసారైనా ఆట ముగిసేదాకా ఉండండి, తరువాత మాట్లాడుకుందామన్నాను. నిజంగానే అన్నాను. ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. సంచి కూడా తీసుకోకుండా, పాతికేళ్ల కిందటి దారిలోనే తలుపు దాటి మెట్లు దిగాడు. విజిలెన్స్ ఆఫీసరు ఆయన వెనకే వెళ్లబోతూ మాస్టారి ముందు ఆగాడు.  ఆయన భుజం ఒకసారి గట్టిగా నొక్కి వెళ్లిపోయాడు.

ఎర్రదీపం వెలిగింది.

హెడ్‌ఫోన్లలో ఇంజనీరు గొంతు కీచుమంటూ సార్, సార్ అని పిలుస్తోంది. నేను మాస్టారిని మైకు ముందుకు తోశాను. మర్యాదగా కాదు, వీపు మీద చేయి వేసి తోశాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని మైకును కిందికి వంచుకున్నాడు. నోరు తెరవగానే అందులోంచి కంచుకంఠం గొంతు వచ్చింది. అదే బరువు, అదే విరుపు.  బౌలరు వెనక్కి నడుస్తున్నాడని, ఫీల్డర్లు దగ్గరకు జరిగారని ఆ గొంతు చెబుతోంది.

ఆ బంతి పడ్డాక నేను ఆయన చెవి దగ్గరకు వంగాను.

"ఈసారి ఎవరి పరువూ కాపాడక్కర్లేదు మాస్టారూ. మీరు మాట్లాడండి."

ఆయన ఒక్క క్షణం ఆగిపోయాడు. రేడియోలో క్షణం మౌనం అంటే చాలా ఎక్కువ. తరువాత వచ్చిన గొంతు సన్నగా, కాస్త బొంగురుగా, భయంతో తడిసి ఉంది. అది ఏ దేవుడిదీ కాదు. చివరి బ్యాటరు గ్లవుజు పట్టీ బిగించుకుంటున్నాడని ఆ గొంతు చెప్పింది. అవతలి జట్టు కెప్టెను ఆకాశం వైపు చూస్తున్నాడని, సంచులు సర్దుకున్నవాళ్లు మళ్లీ కూర్చుంటున్నారని చెప్పింది. అది టీవీ బొమ్మలో కనిపించని సంగతి, ఇక్కడ నిలబడ్డవాడికే కనిపించే సంగతి. ఒక్కో బంతికీ ఆ గొంతులో భయం కరిగి పొగరు పుట్టింది. పాతికేళ్లు అట్టపెట్టెలో దాచిన పొగరు. నేను రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. పరుగులు ఎన్ని కావాలో నాకు తెలుసు, నేను లెక్కపెడుతున్నాను కూడా. ఈ సంగతి మా ఆయనకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను.

చివరి బంతిని బ్యాటరు కళ్లు మూసుకుని కొట్టాడో తెరిచి కొట్టాడో నాకు తెలియదు. అది ఫీల్డరు తల మీదుగా వెళ్లింది. మాస్టారు కుర్చీ తన్నేసి లేచాడు. ఆయన గొంతూ, జనం కేకా ఒక్కసారే, ఒక్క వెంట్రుక తేడా లేకుండా లేచాయి. పత్రికల గ్యాలరీలో ఆయన కూతురు రాసుకోవడం మానేసి, మా బాక్సు వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. హెడ్‌ఫోన్లలో ఇంజనీరు కూడా ఏడుస్తున్నట్టే ఉన్నాడు. మాట్లాడుతున్నది ఎవరో శ్రోతలకు చెప్పండని డైరెక్టరు అడుగుతున్నాడట.

నా ఫోను మోగింది. మా ఆయన.

"ఒసేయ్, ఎవరే ఈయన? కంచుకంఠం ఏమయ్యాడు? నేను మనం గెలిచామని గంతులేసేసరికి టీవీలో వాడింకా బ్యాటు కూడా ఎత్తలేదు."

"అంటే ఆయన ఇక్కడే ఉన్నాడని అర్థం," అన్నాను. "లేచి వెళ్లకుండా."